దిల్‌సుఖ్‌నగరులో మూడు దినములు

సూర్యాపేటనుండి హైదరాబాదునకు బస్సులో పోవువారికి నగరము ఒక్కసారిగా ఎదురుపడదు. చౌటుప్పల దాటినది మొదలు ఇండ్లు, గోదాములు, కళాశాలల బోర్డులు ఒకదాని వెనుక నొకటి వచ్చుచునే యుండును. హయత్‌నగరు, వనస్థలిపురము గడచి, బస్సు పైవంతెనల నీడలోనికి చేరి, కండక్టరు "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని కేక వేసినప్పుడు గాని ఇదే నగరమని నమ్మకము కలుగదు. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరట వెలసిన ఈ పేటను ఆ నిండు పేరుతో పిలుచువారిని నేనింతవరకు చూడలేదు. 2007వ సంవత్సరము వరకు ఇది ప్రత్యేక పురపాలక సంఘము. ఆ యేటనే మహానగరములో కలిసిపోయినది. అయినను పల్లెనుండి వచ్చువారికి నేటికిని ఇదియే నగరద్వారము.

గడచిన మాఘమాసములో నేనా ద్వారముకడ దిగితిని. ఎక్స్‌ప్రెస్ బస్సే యైనను నా చేతినుండి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. 2023 డిసెంబరు 9వ తేదీ మొదలు తెలంగాణములో స్త్రీలకు ఇట్టి బస్సులలో ప్రయాణము ఉచితమని మీరెరిగినదే. కండక్టరు నా ఆధార్ కార్డును చూచి, చేతిలోని చిన్న యంత్రమును నొక్కి, సున్న రూపాయల టికెట్టును చించి యిచ్చెను. సున్నకు టికెట్టెందుకని ప్రక్కనున్న ముసలమ్మ నవ్వినది. ఆ సున్నలను లెక్కించియే ప్రభుత్వము బస్సుల సంస్థకు సొమ్ము చెల్లించునని నేను చెప్పగా, "అయితే పారెయ్యొద్దు" అని దానిని కొంగున ముడివేసికొన్నది. పుట్టింటికి పోవలెనన్న చార్జీలకై చేయి చాపిన దినములు మరువని వారికి ఆ కాగితపు ముక్క విలువ తెలియును.

నా ప్రయాణము వేడుకకు గాదు. మా అన్నగారి కుమార్తె ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు చదువుచు, చైతన్యపురిలో నొక ఆడపిల్లల హాస్టలులో నున్నది. ఆ హాస్టలువారు తల్లిదండ్రుల ధైర్యముకొరకై కెమెరాలు పెట్టించి, వానిలో కనబడు బొమ్మలను తల్లిదండ్రుల ఫోనులలో చూచుకొను ఏర్పాటు చేసిరి. మా అన్న రాత్రి భోజనమైన తరువాత సూర్యాపేటలో తన మంచముపై కూర్చుండి ఆ హాస్టలు మెట్లను, నడవను చూచుచుండును. పిల్ల కది తెలిసినది. తెలిసిననాటినుండి తండ్రితో సరిగా మాటలాడదు. "ఇష్టం లేకుంటే ఇంటికి రమ్మను, చదివింది చాలు" అని ఆయన పట్టు. "అది తీసేయించేదాక పండుగకు గూడ రాను" అని ఆమె పట్టు. నడుమ మా వదిన ఏడ్పు. "చెల్లే, నువ్వు పోయి చూసి రా, నువ్వేం చెప్తే అది చేస్త" అని మా అన్న నన్ను పంపెను. ఇట్టి మధ్యస్థములలో మాట పోగొట్టుకొనుట సులభమని తెలిసియు పోయితిని.

ఎల్.బి.నగరు కూడలినుండి మెట్రో రైలు. అమీర్‌పేటనుండి ఇచ్చటివరకు గల మార్గము 2018 సెప్టెంబరు 24న తెరువబడినది. మియాపురమునుండి లెక్కించిన 29 కిలోమీటర్లు, 27 స్టేషనులు. మా మేనకోడలు టికెట్టును తానే కొని వాట్సాపులో పంపినది. అది నల్లగళ్ల ముగ్గువంటి యొక చతురము. దానిని ద్వారపు కంటికి చూపగనే రెక్కలు తెరచుకొనును. నా ముందు నిలిచిన యొక వృద్ధురాలు రెక్కలు ఎక్కడ మూసికొనునో యని వెనుకకు ముందుకు అడుగు వేయుచుండగా నవి నిజముగానే మూసికొన్నవి. ఆమె బెదరి నిలిచిపోయినది. అంతలో నీలిచొక్కా కుర్రవాడొకడు వచ్చి, ప్రక్కనున్న వెడల్పైన తలుపు తీసి, "మెల్లగ రా అమ్మా" అని చేయి పట్టి దాటించెను. అంతటి యంత్రమునకును ప్రక్కన నొక మనిషిని నిలుపుట ఎవరి యాలోచనయో గాని మంచి యాలోచన.

రైలులో స్త్రీలకు ప్రత్యేకించిన భాగమున కూర్చుంటిని. మొదటి స్టేషను విక్టోరియా మెమోరియల్. విక్టోరియా రాణి పేరట ఆరవ నిజాము కాలమున వెలసిన అనాథ శరణాలయము ఆ ప్రక్కనే యున్నది. రాణిని చూడనివారు, నిజామును చూడనివారు ఆ పేరును దినమునకు వేయిమారులు రైలు నోట వినుచున్నారు. తరువాత చైతన్యపురి, ఆ తరువాత దిల్‌సుఖ్‌నగరు. దిల్‌సుఖ్ రాం ప్రసాద్ అను వారి పొలములు ఇండ్ల స్థలములై ఈ పేట వెలసినదని చెప్పుదురు. 'దిల్‌సుఖ్' అనగా మనస్సునకు సుఖమని యర్థము. పుస్తకముల సంచులు వీపున వేసికొని మెట్లు దిగుచున్న ఆడపిల్లల ముఖములలో సుఖముకంటె తొందరయే యెక్కువగా కనబడినది. నల్లగొండ, మహబూబ్‌నగరు, ఖమ్మము జిల్లాలనుండి వచ్చిన పిల్లలే అధికము. శిక్షణాలయము, జిరాక్సు దుకాణము, టిఫిను బండి, ఆడపిల్లల హాస్టలు: ఇచ్చటి వీధులలో ఏ నాలుగు బోర్డులు చదివినను ఇవియే.

హాస్టలు నాలుగంతస్తుల మేడ. క్రింద మందుల దుకాణము. ద్వారముకడ వ్రేలిముద్ర తీసికొను యంత్రము, దానిపై నొక కెమెరా. మెట్ల మలుపున మరియొకటి. ఇంతవరకు నాకును బాగుగనే తోచినది. పై యంతస్తునకు పోయి చూచినప్పుడు విషయము బోధపడినది. అచ్చట గదులకు నడుమ పొడవైన నడవ. దాని చివరను స్నానపు గదులు. ఈ చివరను పైకప్పు మూలలో నల్లని గాజుకన్ను. పిల్లలు తలంటుకొని వచ్చుటకు, తడిబట్టలు ఆరవేయుటకు, రాత్రి ఫోను మాటలాడుటకు, నిద్రరాని వేళ పచారుచేయుటకు అదియొకటే చోటు.

"అత్తా, వీధిల కెమెరా ఉంటే నాకు ధైర్యమే. లైబ్రరీనుంచి రాత్రి వచ్చేటప్పుడు దాని కిందికెంచే నడుస్త. కానీ తల తుడుచుకుంట బయటికొస్తే నాన్న సూర్యాపేటల చూస్తుండు. మా నాన్ననే కాదు, ముప్ఫైమంది నాన్నలు చూస్తున్నరు" అని మా మేనకోడలు చెప్పినది.

ఈ కడపటి మాట మా అన్నకు తట్టలేదని నేను ప్రమాణముచేసి చెప్పగలను. ఆయన తన కూతురిని తాను చూచుచున్నాననియే తలచెను. తన ఫోనులో ఇతరుల పిల్లలును, ఇతరుల ఫోనులలో తన పిల్లయు కనబడునన్న సంగతి ఆయన మనస్సున కెన్నడు రాలేదు.

అయినను ఆయనను నిందించుటకు నాకు నోరు రాలేదు. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము ఏడుగంటల ప్రాంతమున దిల్‌సుఖ్‌నగరులో సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు కొద్ది నిమిషముల వ్యవధిలో ప్రేలినవి. ఒకటి 107వ నంబరు బస్సులు ఆగు చోట, మరియొకటి వెంకటాద్రి సినిమాశాల ప్రాంతమున. 18 మంది మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. ఐదుగురు నేరస్థులకు 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము మరణశిక్ష విధింపగా, 2025 ఏప్రిల్ 8న హైకోర్టు దానిని స్థిరపరచెను. ఆ సాయంకాలము మా అన్న విత్తనముల పనిమీద అచ్చటికి పోయి, ఆ బస్సుస్టాపులోనే నిలబడి, ప్రేలుడునకు గంటముందు బయలుదేరెను. ఇల్లు చేరి టీవీ చూచునంతవరకు ఆయనకు తెలియదు. ఆ రాత్రి అన్నము ముట్టలేదు. కూతురు దిల్‌సుఖ్‌నగరులో చదివెదనన్నప్పుడు ఆయన నెల దినములు ఒప్పుకొనలేదు. తుదకు ఒప్పించినది ఈ ఫోను బొమ్మయే.

సాయంకాలము మేనకోడలు నన్నా చోటికి తీసికొనిపోయినది. మిరపకాయ బజ్జీల వాసన, బట్టల దుకాణముల వెలుగు, తలపైన రైలు చప్పుడు. కాలు నిలుపుటకు చోటు లేదు. ఆనాటికి ఆమె బడిపిల్ల. ఆ తేదీ తన పుస్తకములలో వర్తమాన విషయముల క్రింద వచ్చునని చెప్పినది. చుట్టు చూచితిని. స్తంభములపైన, దుకాణముల నొసళ్లపైన, కూడలి దీపములప్రక్కన ఎన్ని కెమెరాలో లెక్కింపబోయి పందొమ్మిదింటివద్ద ఆపివేసితిని.

ఇవి యూరక మొలచినవి కావు. ఆ 2013వ సంవత్సరముననే ఉమ్మడి రాష్ట్రమున ప్రజాభద్రతకై యొక శాసనము వచ్చినది. ఒకేసారి 100 మంది గాని, దినమునకు 500 మంది గాని చేరు దుకాణములు, సినిమాశాలలు, గుడులు, ఆసుపత్రులవంటి చోట్ల కెమెరాలు పెట్టవలెననియు, బొమ్మలను 30 దినములు దాచవలెననియు, అడిగినప్పుడు పోలీసువారి కీయవలెననియు దాని సారాంశము. రాష్ట్రము విడిపోయిన తరువాతను తెలంగాణములో నది నిలిచినది. తరువాత 'నేను సైతం' అను పేర పోలీసువారు కాలనీలవారిని ప్రోత్సహింపగా, ఇంటింటికి చందా వేసికొని వీధి కెమెరాలు పెట్టించుకొనుట ఆచారమైనది.

ఆ 2013లోనే మరియొక శాసనమును వచ్చినది. దానినిగూర్చి చెప్పుకొనువారు తక్కువ. ఢిల్లీలో 2012 డిసెంబరునాటి ఘోరము తరువాత శిక్షాస్మృతిని సవరించినప్పుడు, తన్నెవరును చూడరని స్త్రీ నమ్మి యుండదగిన చోట ఆమె స్నానాదులను పొంచి చూచుట, చిత్రించుట, ఆ చిత్రమును ఇతరులకు పంపుట నేరమని చేర్చిరి. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో నది 77వ విభాగము. మొదటి తప్పునకే ఒక సంవత్సరమునకు తక్కువ కాకుండ మూడేండ్లవరకు శిక్ష. స్నానపు గదికి పోవు నడవ అట్టి చోటగునా కాదా యని న్యాయవాదులు వాదించుకొందురు గాక. ఒకే యేట, ఒక చేతితో కెమెరా పెట్టుమనియు, రెండవ చేతితో చూడరాని చోట చూడవలదనియు చెప్పిన సంగతి తల్లులందరు గుర్తుంచుకొనదగినది.

ఆ రాత్రి నేను కొత్తపేటలో నా చిన్ననాటి స్నేహితురాలి యింట బసచేసితిని. అది ముప్పదియారు వాటాల మేడ. అచ్చట కాపలావాడు నన్ను ఆపి, నా పేరు, ఫోను నంబరు అడిగి, తన ఫోనులో నొక్కి, పైనుండి ఆమె యొప్పుకొనువరకు కదలనీయలేదు. "మా అత్తగారు వచ్చినా ఇంతేనే" అని నా స్నేహితురాలు నవ్వినది. నాకు మాత్రము నవ్వు రాలేదు. నా నంబరు ఏ పుస్తకములో చేరినదో, ఎన్నాళ్లుండునో కాపలావానికిని తెలియదు. ఆతడు చెప్పినపని చేయువాడు.

ఆ యత్తగారి కథయే నేను ముఖ్యముగ చెప్పదలచినది.

ఆమెకు ఎనుబదియేండ్లు దాటినవి. మతిమరుపు. క్రిందటి యేడు ఒక మధ్యాహ్నము ఇంటివారు నిద్రించుచుండగా మెల్లగా క్రిందికి దిగి వీధిలోనికి పోయినది. లోపలికి వచ్చువారిని అడుగు యంత్రము బయటికి పోవువారిని అడుగదు. గంట తరువాత కనుగొనిరి. మేడ కెమెరా చూచిరి: ముసలమ్మ చేతిలో చెంబుతో గేటు దాటుచున్నది. కిరాణా దుకాణపువాని కెమెరా చూచిరి: ప్రధాన రహదారి వైపు మలుపు తిరిగినది. ఆ మలుపు తరువాత నున్న కాలనీ కెమెరా మూడు నెలలుగా పనిచేయుటలేదు. తీగ తెగినదట, బాగుచేయించుటకు చందా ఎవరు వేయవలెనో తేలలేదట. అచ్చటితో జాడ పోయినది. స్టేషనులో చెప్పిరి, పోలీసువారు వెదకుట కారంభించిరి. ఇంతలో నా స్నేహితురాలి చిన్నకొడుకు మెట్రో స్తంభముల వెంబడి పరుగెత్తి చూచుచుండగా, చైతన్యపురి స్టేషను క్రింద పూలమ్ముకొను ఆమె ప్రక్కన, గోనెపట్టపై కూర్చుండి మల్లెమొగ్గలు చెంబులో వేసికొనుచున్న నాయనమ్మ కనబడినది.

మరునాడు నేనా పూలమ్మి వద్దకు పోయి మూర మల్లెలు కొని, ఆ సంగతి యడిగితిని. "ఎండల చెప్పుల్లేకుంట రోడ్డు దాటుతున్నది. ఇంటిపేరడిగితే ఊరి పేరు చెప్పవట్టె. కూసోవెట్టి నీళ్లిచ్చిన. ఎవరన్న వస్తరని నాకు తెల్వదా" అని ఆమె మొగ్గల నుండి చేయి తీయకుండనే చెప్పినది. ఆమెవద్దను యంత్రములు లేకపోలేదు. ఫోనుతో సొమ్ము చెల్లించుటకు గళ్ల చతురమున్న అట్ట, దానిప్రక్కన సొమ్ము వచ్చినప్పుడు ఎంత వచ్చినదో తెలుగున చెప్పు చిన్న పెట్టె. ఆమెకు చదువు రాదు. అయినను ఆ పెట్టె నోటినుండి అంకె వినబడనిదే పూలు కట్టి యీయదు. "చూపిచ్చి పోయేటోళ్లు మస్తుమంది అమ్మా, ఇది వచ్చినంక ఆ బాధ లేదు" అన్నది. తన పెట్టెను తానే తెచ్చుకొన్నది. తన చెవితో తానే వినుచున్నది. సాయంకాలము తానే ఆపివేసి సంచిలో పెట్టుకొని పోవును. ఆ పేటలో నేను చూచిన యంత్రములన్నిటిలో ఇంత చక్కగా యజమానురాలికి లోబడినది మరియొకటి లేదు.

1961లో జేన్ జేకబ్స్ అను అమెరికా వనిత నగరములనుగూర్చి యొక గ్రంథము వ్రాసి, వీధికి రక్ష పోలీసువారు మాత్రమే కారనియు, కిటికీలనుండి, అంగళ్లనుండి, మెట్లమీదినుండి చూచు ఇరుగుపొరుగువారి కన్నులనియు వాదించినది. మన అమ్మమ్మలకు ఆ గ్రంథము అక్కర లేకపోయినది, వారికి అరుగులుండెను. అరుగుమీద కూర్చున్న ఆమె వీధిలో పోవుదానిని చూచును. కాని పోవునదియు ఆమెను చూచును. "ఎక్కడికే?" అని ఈమె యడిగిన, "నీకెందుకు?" అని ఆమె యనగలదు. అరుగులవారు చేసిన యన్యాయములును లేకపోలేదు. ఎందరు వితంతువుల బ్రదుకులను అరుగుమీది నోళ్లు నమలి యుమిసినవో మన పాతకథలనిండ నున్నది. అయినను చూచినది ఎవరో తెలిసియుండెను. పైకప్పు మూలనుండి చూచువాడెవడో పిల్లలకు తెలియదు, "నీకెందుకు?" అని ఎవరిని అడుగవలెను?

ఈ ప్రశ్న ఆడపిల్లలది మాత్రమే కాదు. 2021లో హైదరాబాదు వీధిలో నొక సామాజిక కార్యకర్తను పోలీసువారు ఆపి, ముఖముపై గుడ్డ తీయుమని ఫోటో తీసికొనిరని ఆయన ఫిర్యాదు. ముఖములను గుర్తించు యంత్రములు ఏ శాసనము ననుసరించి పనిచేయుచున్నవని ఆయన హైకోర్టునకు పోయెను. ఏకాంతము పౌరుని మూలహక్కని సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ చెప్పినది 2017 ఆగస్టు 24న. అంతటి తీర్పు చైతన్యపురి హాస్టలు నడవవరకు నడచి రావలెనన్న ఎవరో ఒకరు చేయి పట్టి తీసికొని రావలెను.

రెండవ దినము సాయంకాలము నా స్నేహితురాలు నన్ను వారి కాలనీ సమావేశమునకు తీసికొనిపోయినది. ఆ తెగిన కెమెరాను బాగుచేయించి, మరి నాలుగు కొత్తవి పెట్టించుటయే ఆ పూట చర్చ. పురుషులు యంత్రపు ధరను, చూపు దూరమును, ఎవరి గోడకు తగిలింపవలెనన్న దానిని గంటసేపు మాటలాడిరి. వెనుక వరుసలో స్త్రీలు. అందులో నొకామె, ఉపాధ్యాయినియట, లేచి, "పెట్టేది సరే, బొమ్మలు ఎవరి ఫోన్లలో వస్తాయి?" అని అడిగినది. అధ్యక్షునికిని, ఆయన కుమారునికిని, కాపలావానికిని అని సమాధానము. "నా ఇంటి గేటు ఎదురుగా ఉంది. నేను వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ఆ ముగ్గురు చూస్తారు కదా" అని ఆమె యన్నది. కొందరు నవ్విరి. ఆమె కూర్చుండలేదు. కెమెరా కన్నును వీధి మలుపు వైపునకు త్రిప్పవలెననియు, బొమ్మలను ఎవరును ఫోనులో చూడక ఒక పెట్టెలో తాళము వేయవలెననియు, ఏదైన జరిగినప్పుడు ఇద్దరు సభ్యులు, అందులో నొకరు స్త్రీ, కలిసి తెరువవలెననియు చెప్పినది. అరగంట వాదోపవాదములైన తరువాత ఆ రీతిగనే వ్రాసికొనిరి. తీగ తెగిన యెడల బాగుచేయించు భారము ఎవరిదో కూడ ఆమెయే వ్రాయించినది. నేను దానిని నా డైరీలో ఎక్కించుకొంటిని.

తిరిగి వచ్చునప్పుడు సరూర్‌నగరు చెరువు గట్టుమీదుగా నడచితిమి. కుతుబ్‌షాహీల నాటి చెరువు. వీధి దీపములు చీకటి పడగనే తమంతట తామే వెలిగినవి. నగరమందలి పాత దీపములను 2017 మొదలు ఎల్ఈడీ దీపములుగ మార్చి, ఒక్కచోటనుండియే వెలిగించి ఆర్పు ఏర్పాటు చేసిరి. వీధికి వెలుగు వచ్చిన తరువాత రాత్రి ఎనిమిది దాటినను స్త్రీలు నడకకు వచ్చుచున్నారట. దీపము ఎవరిని చూడదు, అందరిని కనబడనిచ్చును. 2020 అక్టోబరు వానలలో ఈ చెరువు పొంగి దిగువ కాలనీలు మునిగినప్పుడు మాత్రము ఆ దీపములును, కెమెరాలును కన్నులు మూసినవని నా స్నేహితురాలు చెప్పినది. ఏ యింట మంచముపట్టిన వారున్నారో, ఏ యింట చంటిబిడ్డ యున్నదో కాలనీ స్త్రీలకు తెలిసియుండెను; ఆ లెక్క ప్రకారమే మేడలమీదికి చేర్చిరట.

మూడవ దినము ఉదయము హాస్టలు యజమానురాలితో మాటలాడితిని. చెడ్డ మనిషి కాదు. భర్త పోయిన తరువాత ఇద్దరు బిడ్డలతో ఆ మేడను అద్దెకు తీసికొని నడుపుచున్నది. "ఏం చేయమంటరమ్మా? ఫోన్ల చూపెట్టకపోతే తండ్రులు చేర్పిస్తలేరు. పక్క హాస్టల్ల ఉన్నది, మీ దగ్గర ఎందుకు లేదంటరు" అన్నది. గేటువద్దిది, మెట్లవద్దిది ఉంచి నడవలోనివి తీసివేయుమని చెప్పితిని. ఆలోచించెదనన్నది. నేను మరి నాలుగు ప్రశ్నలు వేసితిని: ఈ బొమ్మలు చూచువారెందరు, ఎన్ని దినములుండును, పిల్ల హాస్టలు విడిచిపోయిన తరువాత ఆమె తండ్రి ఫోనులో ఇవి ఆగునా, పెట్టినవాడు తన ఇంటినుండి చూడగలడా. కడపటి రెంటికి ఆమెవద్ద సమాధానము లేదు. ఆమె తెల్లబోయి నా వైపు చూచినది. ఆమె పదునారేండ్ల కూతురును ఆ నడవలోనే తిరుగుచున్నది.

నేను మా అన్నకు ఫోను చేసితిని. ధర్మపన్నము లేవియు చెప్పలేదు. "అన్నా, నీ ఫోన్ల ఎంతమంది పిల్లలు కనబడుతున్నరు?" అని మాత్రము అడిగితిని. కొంతసేపు మాట లేదు. "పదిహేనుమంది దాక" అనెను. "వాళ్ల నాన్నలకు మన పిల్ల కనబడదా?" అంటిని. మరల మాట లేదు. పిదప, "మరి నాకెట్ల తెలుస్తదే? ఏమన్న అయితే?" అనెను. ఆ గొంతులో 2013 నాటి రాత్రి వినబడినది.

దానికి సమాధానము మా మేనకోడలే చెప్పినది. తెలంగాణ పోలీసువారి మహిళా భద్రతా విభాగము 2024 మార్చిలో ప్రారంభించిన 'టీ-సేఫ్' అను సేవ యొకటి కలదు. స్త్రీ ఆటోలోనో కారులోనో పోవునప్పుడు తానే దానిని ప్రారంభించిన, గమ్యము చేరువరకు ఆ ప్రయాణమును వారు కనిపెట్టుచుందురు. చేరిన తరువాత ఆపివేయవచ్చును. రాత్రి వేళ ఆటో ఎక్కవలసి వచ్చిన దానిని వాడెదననియు, తానున్న చోటును ఫోనులో తండ్రికి ఆ గంటసేపు తానే తెలియజేసెదననియు, ప్రతి రాత్రి తొమ్మిదింటికి మాటలాడెదననియు ఆమె యొప్పుకొన్నది. "చూస్తనంటే వద్దన్న గాని, చెప్పనంటినా నాన్నా?" అని ఫోనులో అన్నప్పుడు ఇద్దరి గొంతులును మారినవి. నేను గదినుండి బయటికి వచ్చితిని; నడవలోనికి గదా, ఆ కెమెరా క్రిందికే.

వారము గడచినను హాస్టలులో నడవ కెమెరా తీయలేదు. మా మేనకోడలును, ఆమె స్నేహితురాండ్రిద్దరును మరియొక హాస్టలునకు మారిరి. గేటుకు మాత్రమే కెమెరా యున్న ఆ చోటును చూపినది చైతన్యపురి స్టేషను క్రింది పూలమ్మియే. ఆ హాస్టలు వంటామె ప్రతిదినము ఆమెవద్ద పూలు కొనునట. ముగ్గురు వెడలిన తరువాత మరి ఐదుగురు అడుగగా పాత హాస్టలు యజమానురాలును నడవలోని యంత్రములను విప్పించుచున్నదని మొన్న తెలిసినది.

మా అన్న ఫోనులో ఆ యాప్ ఇంకను ఉన్నది. అప్పుడప్పుడు తెరచి చూచునట. తెల్లని తెరపై అనుమతి లేదని వచ్చును. తొమ్మిది కొట్టగనే అది మూసి, పిల్ల ఫోనుకై మంచముమీద కూర్చుండును. కొన్ని దినములు ఆమె తొమ్మిదింబావునకు చేయుచున్నదని మా వదినతో చెప్పుకొని వాపోవుచున్నాడు.